రెండో గూటి కోడిపిల్లలు

అధ్యక్షులు సూర్యనారాయణమూర్తి గారికి, కోళ్ల రైతుల సంఘం పెద్దలకు, నా ఉపన్యాసం మీద కాకపోయినా భోజనాల మీద నమ్మకంతో అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి దాకా నడిచొచ్చిన ఇరుగుపొరుగుకు నమస్కారం. (నవ్వులు) పశువైద్యశాఖలో ఇవాళ్టితో ఉద్యోగం విరమిస్తున్న డాక్టర్ సుందరరావుకు నేను పెద్దక్కను. ఎక్కువ మాట్లాడను.

మొన్న కార్తికంలో ఒక ఉదయం. తులసికి నీళ్లు పోసి, సహస్రనామం సగంలో ఉన్నాను. వంటింట్లో మిక్సీ మోగింది, వెంటనే వెల్లుల్లి వాసన. నేను వెల్లుల్లి ముట్టనని పుట్టినప్పట్నుంచీ తెలిసిన తమ్ముడు, నా పచ్చళ్ల జారులోనే వెల్లుల్లి, పసుపు, ఎండిన వేపాకు, నేలవేము వేసి పొడి చేస్తున్నాడు. ఏమిట్రా అంటే, "కోళ్లకు అక్కయ్యా" అన్నాడు, తినేది నేను కాదు కదా అన్నట్టు. (నవ్వులు) మీరు నవ్వండి. జారు కడుక్కున్నది నేను.

కోడిపిల్లలు తెల్లగా పారుకుని చచ్చిపోయే రోగం ఒకటుంది. మేతలో ఈ పొడి కలిపితే దాన్ని తట్టుకుంటాయేమో చూడాలని, రోగం తగిలిన ఫారం నుంచి పిల్లలను తెచ్చి మా డాబా మీద రెండు గూళ్లలో పెట్టాడు. మొదటి గూటికి పొడి కలిపిన మేత, రెండో గూటికి ఉత్త మేత. తేడా కనిపిస్తేనే పొడి పనిచేసినట్టు.

ఆ ఉదయం తమ్ముడూ నేనూ పొడి డబ్బాతో డాబా ఎక్కేసరికి, మా ఇంటి ఓనరు కిషన్ రావు గారు, అదిగో ముందు వరసలోనే ఉన్నారు, రెండో గూటి దగ్గర గొంతుక్కూర్చుని పాత డబ్బాలో మిగిలిన పొడిని మేతలో కలుపుతున్నారు. మొదట్నుంచీ కలుపుతున్నారట. మేం ఏం వండినా కిందికో గిన్నె, వారేం వండినా పైకో గిన్నె. పంచకుండా ఉండటం ఆయనకు చేతకాదు.

"ఒక గూటికి పెట్టి ఇంకోదాన్ని సూస్కుంట కూసోబెడ్తరా డాక్టర్ సాబ్? గవేం పాపం జేసినయ్?" అన్నారు.

తమ్ముడు నీళ్ల ట్యాంకు పక్కన కూలబడ్డాడు. పిల్లలన్నీ బతికాయి. ఎందుకు బతికాయో తెలుసుకునే దారి పోయింది. కిషన్ రావు గారూ, తల దించుకోకండి, మీ మీద నాకు కోపం లేదు.

నా విసుగంతా ఈ వేదిక మీదే. ఇందాక అధ్యక్షులు "డాక్టరు గారి పొడితో ఒక్క పిల్లా చావలేదు" అన్నారు, చప్పట్లు పడ్డాయి. జరిగిందంతా తమ్ముడు వారికి ఎప్పుడో చెప్పాడు. విన్నారు. విని, నారాయణగూడలో వాడి ఫొటోతో ఆ పొడి అమ్మే పొట్లాలు అచ్చు వేయించారు. వాడేమో మొహమాటపడి శాలువా కప్పించుకుని కూర్చున్నాడు. వాడికి కాదనడం నేర్పమని రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను, ఇంకా నేర్పలేదు. (నవ్వులు) రేపు ఒక రైతు ఆ పొట్లాన్ని నమ్మి, అసలు వైద్యం మానేసి, ఫారమంతా పోగొట్టుకుంటే ఎవర్ని తిట్టుకోవాలి?



పొట్లాల సంగతి తెలిసిన సాయంత్రం దీపం పెట్టాక నేను, తమ్ముడు, మరదలు కమలాకుమారి, కిషన్ రావు గారు కూర్చుని ఒక మాట అనుకున్నాం. కొత్త పిల్లలను తెచ్చి మళ్లీ మొదట్నుంచీ చూడాలని. డాబా తాళంచెవి నా దగ్గరుండాలని, చచ్చేవాటి కోసం దణ్ణం పెట్టుకోవడమూ నా పనేనని. ఏ సంగతో తేలేదాకా వాడి పేరు, ఫొటో ఏ పొట్లం మీదా ఉండకూడదని. ఆ మాట వాడు చెప్పలేకపోతే నేను చెప్పాలని.

చెప్పాను. శాలువాకూ, మీ ఓపికకూ కృతజ్ఞతలు. ఇక సెలవు.