గొలుసులో తప్పిన తాళం

ఇటలీలో పో నది కరకట్ట. కార్లు రాని దారి. ఆదివారం పొద్దున రెండు సైకిళ్లు: ముందు అన్న లెయార్కో, వెనక చెల్లెలు నీవెస్.

"మాట మార్చకు అన్నయ్యా. గురువారం సంగతి అడిగాను."

"మార్చలేదే. కొంగలు దిగాయి చూడమన్నాను, అంతే. ఎదురుగాలి గట్టిగా ఉంది. నా వెనక చక్రానికి అంటుకుని రా."

"అంటుకునే వస్తున్నాను. గురువారం పొద్దున లంకలోకి వెళ్లావా, లేదా?"

"నా పోప్లర్ చెట్లన్నీ అక్కడే ఉన్నాయి. వెళ్తూనే ఉంటాను."

"గురువారం."

"గురువారమంటే... ఒత్తొరీనో లంకలో పడిపోయిన రోజు."

"అవును. ప్రతి ఆదివారం నీ పక్కన సైకిల్ తొక్కినవాడు."

"నా పక్కన ఎప్పుడు తొక్కాడే? జన్మంతా నా వెనక దాక్కుని, ఊరు రాగానే ముందుకి దూకేవాడు. ఎలా ఉన్నాడు?"

"నిన్న ఆసుపత్రికి వెళ్లొచ్చాను. కళ్లు తెరుస్తున్నాడు. మాట లేదు. కుడిచెయ్యి లేవట్లేదు. వాళ్లావిడ యోలె వదిన చెంచాతో సూప్ పోస్తుంటే సగం గడ్డం మీదకే కారిపోతోంది."

"నిన్ను చూసి యోలె ఏమంది?"

"నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది."

"ఎందుకూ?"

"ఎందుకేంటి? అంబులెన్సులో ఉన్నది నేను. స్ట్రెచర్ మోసుకుని పరిగెత్తింది మేము."

"అవునవును. కాఫీ కొట్టులో అందరిదీ అదే మాట. ఆ రోజు డ్యూటీలో నీవెస్ ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఒత్తొరీనో లేడు అని."

"వాళ్లకేం, అంటారు."

"నీకు నచ్చలేదా?"

"లంక దారికి అడ్డంగా ఆ ఇనప గడ లేకపోతే బండి అతని పక్కదాకా వెళ్లేది అన్నయ్యా. అంత దూరం కాళ్ల మీద పోయాం, కాళ్ల మీద వచ్చాం. మాట పోయింది ఆ ఆలస్యానికేనని డాక్టరమ్మ చెప్పింది."

"మీ అంబులెన్సు వాళ్లకీ తాళంచెవి ఇచ్చారు కదా."

"ఇచ్చారు. తిప్పాను. మా తాళం ఊడి చేతిలోకొచ్చింది. గొలుసు మాత్రం కదల్లేదు."

"పక్కకి, పక్కకి. వెనకనుంచి ఐదు సైకిళ్లం వస్తున్నాం. ఓ లెయార్కో, ఇంకా తొక్కుతున్నావా? మ్యూజియంలో పెట్టేశారనుకున్నానే."

"మీ నాన్నని పెట్టాకే నా వంతు. ముందు నీ గేరు మార్చుకో, చెవులు పోతున్నాయి."

"నీవెస్ అక్కా, శభాష్ నువ్వు. సాయంత్రం మేయరమ్మ మీటింగుకి రా. ఆ చేపల సాంతె గాడి తాళంచెవి లాగేస్తాం. అవతలి ఒడ్డువాణ్ణి తెచ్చి మన లంకలో పెట్టుకున్నందుకు మనకీ శాస్తి."

"అతనే చేశాడని ఎవరైనా చూశారా బాబూ?"

"చూసేదేముందక్కా? పొద్దస్తమానం ఆ గడ తీసేదీ వేసేదీ వాడేగా. పదండ్రా, చెమట ఆరిపోతోంది."

"విన్నావా అన్నయ్యా?"

"విన్నాను. ఆ గేరు ఊరవతలికి కూడా వినిపిస్తుంది."

"అది కాదు."

"గడ దగ్గరికొచ్చాం. దిగుదాం, కాస్త మోకాళ్లు చాచుకుంటాను. చూడు, ఒకటే గొలుసు, ఒకటే తాళం వేసిపోయారు. పాతదే బాగుండేది. గొలుసు రెండు కొసల మధ్య వరసగా నా తాళం, దాంట్లో అంబులెన్సు వాళ్ల తాళం, దాంట్లో సాంతె తాళం. ఎవడిది వాడు తీస్తే చాలు, గొలుసు విడిపోయేది. ఎవడి తాళంచెవీ ఎవడూ అడగక్కర్లేదు."

"మళ్లీ వేసేటప్పుడు పక్కవాళ్ల దాంట్లోకే వెయ్యాలి. ఆ రోజు ఎవరో మధ్యలో మాది వదిలేసి, నీ తాళం తిన్నగా సాంతె తాళంలోకి తగిలించేశారు. మాది ఊరికే ఓ పక్కన వేలాడుతోంది. అది తీసినా ఒకటే, తియ్యకపోయినా ఒకటే."

"ఎవరో."

"మీ ఇద్దరిలో ఒకరు."

"మా ఇద్దరి తాళంచెవుల్లో ఒకటి, అను."

"రెండూ ఒకటేగా. సాంతె ఏమో అమ్మతోడు నేను కాదంటున్నాడు. తాళంచెవి లాగేసుకుంటే అతని పడవ లంకలోనే ఉండిపోతుంది. వాలుగ చేపలు పట్టేదెలా? పట్టినా కట్ట మీదకి తెచ్చేదెలా? నిన్న వాళ్లావిడ రొట్టెల కొట్టుకి వస్తే అందరూ మాటలు ఆపేశారు. మనిషి గోడకేసి తిరిగి నిలబడి రొట్టె తీసుకుని పోయింది."

"సాంతె చెయ్యలేదని నీకు గట్టిగా తెలుసా?"

"తెలుసని కాదు. అనిపిస్తోంది."

"గట్టిగానే అనిపిస్తోంది."

"అన్నయ్యా, నేనొకటి చెప్తాను, కోప్పడకు. నువ్వు ఈమధ్య మర్చిపోతున్నావు."

"ఏం మర్చిపోయాను?"

"మొన్న నీళ్లు పొయ్యకుండా కాఫీ గిన్నె స్టవ్ మీద పెట్టావు. దాని రబ్బరు వాషరు మాడి ఇల్లంతా కంపు."

"పెట్టాను."

"బార్బరు దగ్గరికి ఒకేరోజు రెండుసార్లు వెళ్లావు."

"వెళ్లాను. రెండోసారి వాడు నవ్వి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. నష్టమేం లేదు."

"నవ్వులాటకి కాదు. గురువారం లంకలోకి వెళ్లి, వచ్చేటప్పుడు తాళం తప్పుగా వేసి, మర్చిపోయి ఉంటావు."

"వెళ్లానంటావా?"

"వెళ్లావు."

"నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు. నువ్వు లంకకి వేసుకెళ్లే మూడుచక్రాల బండికి బురద ఉంది."

"బురద ఉందా. ఉంటే నేనే అయ్యుంటాను."

"అయ్యుంటాను అంటే చాలదు. సాయంత్రం మీటింగులో లేచి నిలబడి నేనే అని చెప్పాలి. నిన్నెవరూ ఏమీ అనరు అన్నయ్యా. పెద్దవాడివి, మతిమరుపు. అయ్యో పాపం అంటారు. మహా అయితే తాళంచెవి తీసుకుంటారు. చెట్లు ఎలాగూ కౌలుకి ఇద్దామనుకున్నావు."

"ఒత్తొరీనో ఏమంటాడు?"

"అతనికి మాటే లేదు కదా."

"అది నిజమే. మరి యోలె?"

"...వదిన అర్థం చేసుకుంటుంది."

"నీ చెయ్యి ముద్దు పెట్టుకుంది కదా. నాదీ పెట్టుకుంటుందా?"

"అన్నయ్యా."

"ఊరికే అడిగాను. సరే, ఏం చెప్పమంటావు? నాకు మాటలు తడబడతాయి. ఓసారి చెప్పిపెట్టు, వింటాను."

"గురువారం పొద్దున నేనే లంకలోకి వెళ్లాను అను."

"గురువారం పొద్దున నేనే లంకలోకి వెళ్లాను."

"వచ్చేటప్పుడు తొందరలో ఉన్నాను."

"ఎందుకు తొందర? నాకు తొందరేంటి, రిటైరైనవాడికి?"

"ఏదో ఒకటి. కంటి దగ్గర తేనెటీగ కుట్టింది, కన్ను మూసుకుపోయింది, తాళం సరిగ్గా కనబడలేదు."

"నాకు తేనెటీగ కుట్టిందా?"

"కుట్టొచ్చుగా. నా తేనెపెట్టెలు నీ చెట్ల మధ్యే ఉన్నాయి."

"మర్చిపోతే పోయానుగానీ, కన్ను వాస్తే అద్దంలో కనబడదా?"

"అన్నీ అడక్కు అన్నయ్యా. తేనెటీగ వద్దులే. తొందరలో ఉన్నానని చెప్పు చాలు."

"లేదు లేదు, తేనెటీగే బాగుంది. వింటే నిజంలా ఉంది."

"నన్నలా చూడకు."

"ఎలా చూస్తున్నాను? ఎండ పడుతోంది, కళ్లు చికిలించాను. నీ కన్ను ఇంకా కొంచెం ఎర్రగానే ఉందే."

"నిద్ర లేదు. గురువారం నుంచీ లేదు."

"ఎందుకని?"

"ఆ తాళం అన్నయ్యా. తిప్పగానే ఊడి నా అరచేతిలో పడింది. పక్కన కుర్రవాళ్లు లాగు, లాగు అంటున్నారు. నేను లాగలేదు. అది ఎందుకు రాదో అప్పుడే... చూడగానే అర్థమైపోయింది."

"ఏం అర్థమైంది?"

"ఎవరో తప్పుగా వేశారని."

"ఎవరో."

"నువ్వు చెప్పకపోతే సాంతె బతుకు పోతుంది. నువ్వు చెప్పకపోతే... నేనే..."

"నువ్వే?"

"...నేనే నీ పక్కన నిలబడతాను అంటున్నాను. మీటింగులో. చెయ్యి పట్టుకుని."

"అంతేనా?"

"అంతే."

"ఇంకేం లేదా నీవెస్? గాలి తగ్గింది. ఇక్కడ మనిద్దరమే ఉన్నాం."

"ఇంకేముంటుంది? చెప్తావా, లేదా?"

"సాంతె గురించి బెంగపడకు తల్లీ. మేయరమ్మకి నిన్ననే వెళ్లి చెప్పేశాను, నేనే చేశానని. గురువారం తేనెపెట్టెల దగ్గరికని నా తాళంచెవి పట్టుకెళ్లింది నువ్వని నాకు గుర్తుంది. ఇవాళ నిన్ను ఇంత దూరం తీసుకొచ్చింది, ఆ మాట నీ నోటితో నాకొక్కడికైనా చెప్తావేమోనని."