కూర్చుంది, కదపకండి

సెలవులకని బంధువులంతా కలిసి అద్దెకు తీసుకున్న ఇల్లు. మధ్యాహ్నం. ఇంటి వెనక సరస్సులోకి దిగే రాళ్ళ బాట మీద ఇద్దరు తోడికోడళ్ళు.

"ఆ మాట ఇంకోసారి అనకు. కూర్చుని ఉంటుందట. పొద్దుట్నుంచి కూర్చుంటుందా, ఎనిమిదేళ్ళ పిల్ల?"

"పొద్దుట్నుంచీ అనలేదక్కా. ఎక్కడో ఒకచోట కూర్చుని ఉంటుంది, కంగారు పడకు అన్నాను. అంతే."

"నా కూతురు కనబడకపోతే నేను కాక ఇంకెవరు కంగారు పడతారు? నీళ్ళు ఇంత దగ్గర పెట్టుకుని. నువ్వేంటి అంత మెల్లగా నడుస్తున్నావు?"

"రాళ్ళు జారుతున్నాయి. చూసుకుని అడుగెయ్యి."

"అడుగు కూడా చూసుకుని వెయ్యాలా? అదీ మీ ధ్యానంలో ఒక పాఠమా?"

"కాదక్కా. పడితే మోకాలు పగులుతుంది, అందుకని."

"గువ్వా... ఒసేయ్ గువ్వా..."

"ఒక్క క్షణం ఆగు. పిలిచాక వినాలి కదా."

"ఏం వినబడుతోంది?"

"నీళ్ళ చప్పుడు. పైన రోడ్డు మీద మగవాళ్ళు పిలుస్తున్నారు. అది బావగారి గొంతు."

"మీ బావగారి గొంతు పక్క గదికే వినబడదు. నేను మైదానం ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర బడి బడంతా వరసలో నిలబడుతుంది. డ్రిల్లు టీచరమ్మకి విజిల్ దండగ అని మా హెడ్మాస్టరే అంటాడు. అలాంటిది నా కడుపున పుట్టింది పలకదా? పలకలేదంటే..."

"అంతదూరం పోకక్కా."

"ఎంతదూరం? నీళ్ళదాకానా?"

"ఆలోచనని అంతదూరం పోనివ్వకు అంటున్నాను."

"నీకేం, చెప్తావు. అసలు దాన్ని ఆఖర్న చూసిందెవరు?"

"మామయ్యగారు. వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చుందన్నారు."

"అవి దిండ్లు. రాత్రి పిల్లలు పడుకుని లేచిన దిండ్లు, దుప్పటి కింద. కళ్ళజోడు లేకుండా చూసి 'కూర్చుంది, కదపకండి' అని ఇల్లంతా చాటింపు వేశాడు మహానుభావుడు. టిఫిన్‌కి పిలవబోతే అత్తయ్య కూడా నోటి మీద వేలు పెట్టి చూపించింది. ఇదివరకు మన ఇంట్లో ఆడపిల్ల కూర్చుందంటే ఏదో ఒక పని చెప్పేవాళ్ళు. నీ పుణ్యమా అని ఇప్పుడు ధ్యానానికి కూర్చుందంటే చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లుల్లా నడుస్తున్నారు."

"నేనెవర్నీ అలా నడవమనలేదు. వంటింటి వెనక, వాషింగ్ మెషీన్ పక్కన, మాసిన బట్టల మధ్య కూర్చుంటున్నది కూడా ఎవరికీ అడ్డం కాకూడదనే."

"నువ్వు అడ్డం కాలేదు. మేమంతా నీకు అడ్డమైపోయాం. మొన్న గిన్నె జారి కింద పడితే మీ ఆయన 'మెల్లగా వదినా' అన్నాడు. నేను కాపరానికి వచ్చిన ఇన్నేళ్ళలో మరిది నాకు మెల్లగా అని చెప్పడం అదే మొదలు."

"ఆయన్ని నేను కోప్పడ్డానులే. నువ్వు మనసులో పెట్టుకున్నావని తెలీదు."

"అన్నీ పెట్టుకుంటాను నేను. ఆ తెల్లగా ఏంటది?"

"ఎక్కడ?"

"అదిగో, గడ్డి పక్కన, నీళ్ళలో. తేలుతోంది. దాని గౌను తెల్లదే."

"ఉండు."

"ఏంటి ఉండు? ఏం కనబడుతోందో చెప్పు. నేను చూడలేను."

"ఉండక్కా, చూస్తున్నాను... సంచి. ప్లాస్టిక్ సంచి, గాలికి ఉబ్బింది. సంచే."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. దాని మీద అక్షరాలు కూడా కనబడుతున్నాయి."

"చెయ్యి ఇలా ఇవ్వు. కాస్త పట్టుకో."

"పట్టుకున్నాను. నా మీద వాలు."

"నీ చెయ్యేంటి ఇలా మంచుగడ్డలా ఉంది?"

"నాకూ భయమేనక్కా."

"మొహంలో ఎక్కడా కనబడదేం?"

"మొహానిదేముంది. భయం లోపలుంది."

"మరి ఇంత ధ్యానం చేసి ఏం లాభం? భయం పోదా?"

"పోతుందని ఎవరూ చెప్పలేదు. పళ్ళ డాక్టరుగారి క్లినిక్‌కి వెళ్తూ లిఫ్టులో ఊపిరాడక పడిపోయాను, గుర్తుందా? ఆ తర్వాతే కదా, టైర్ల షాపు మేడ మీద భిక్షుణి ఒకావిడ ఉంటే ఆవిడ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. వెళ్ళగానే నేను మొదట అడిగింది ఇదే, అమ్మా, భయం ఎప్పుడు పోతుందని. ఇంటికొచ్చిన చుట్టం అనుకో, పొమ్మనకు, పట్టుకోకు, దాని టైమైతే అదే వెళ్తుంది అంది."

"మన చుట్టాలు ఎప్పుడు వెళ్ళారు కనక?"

"ఇప్పుడు నవ్వించకక్కా."

"నేను నవ్వడానికి అనలేదు. పైన అంతమంది ఉన్నారు. స్నానానికి వరస, అన్నానికి వరస, పడుకోవడానికి చోటు కోసం వాదులాట. అంతమందిలో ఒక్కళ్ళ కళ్ళైనా పిల్ల మీద లేకపోయె. గువ్వా..."

"రెండు పడవలూ కట్టేసే ఉన్నాయి. వాచ్‌మన్ కూడా వాటినెవరూ ముట్టుకోలేదన్నాడు."

"వాచ్‌మన్ పొద్దున నిద్రపోతున్నాడు. నేను చూశాను. సరేగానీ, అది నీ పక్కన చేరడమేంటి? నువ్వే పిలిచి ఉంటావు."

"పిలవలేదు. మనం ఇక్కడికొచ్చిన మర్నాడు అదే దిండు తెచ్చుకుని వచ్చి కూర్చుంది. పిన్నీ, భయమేస్తే ఏం చెయ్యాలి అని అడిగింది."

"దానికి భయమా? దేనికి?"

"అడగలేదు."

"అడగద్దూ?"

"అడగాల్సింది. కొత్త ఇల్లు కదా, చీకటికి భయపడుతోందేమో అనుకున్నాను. ఊపిరి లోపలికి వెళ్ళేది చూడు, బయటికి వచ్చేది చూడు, ఇంకేం చెయ్యకు అని చెప్పాను. గట్టిగా పట్టేసుకుంది. అక్కా, అంత బాగా ఎలా కూర్చుంటుందో నాకే ఆశ్చర్యం. నేనైతే దోమ వాలితే కదులుతాను. అది..."

"తెలుసు. పొద్దున చూశాను."

"పొద్దునా? పొద్దున నా దగ్గరికి రాలేదే."

"ఆ గట్టు అవతల ఏముంది?"

"పాత పడవల షెడ్డు. పొద్దున ఎక్కడ చూశావక్కా?"

"షెడ్డుకి తాళం ఉంటుందా?"

"అక్కా."

"వంటింట్లో. పాలు ఒలకబోసింది. ఇంటిల్లిపాదికీ కాఫీ కలపాల్సిన పాలు. తుడవమంటే ఉన్న కాసినీ కూడా కాలితో తన్నేసింది, చూసుకోకుండా. అత్తయ్య పక్కనే ఉంది. ఊళ్ళో పిల్లలకి క్రమశిక్షణ నేర్పే టీచరమ్మ పెంపకం చూడండి అని సాగదీసింది."

"పిల్లనేమన్నావు?"

"ఏమంటాను, రెండు మాటలన్నాను."

"మాటలేనా?"

"ఒకటి వేశాను. పిల్లల్ని ఎవరు కొట్టరు? నువ్వూ ఒకదాన్ని కంటే తెలుస్తుంది."

"సరే."

"అలా అనకూడదు. నోరు జారింది. ఏమీ అనుకోకు."

"ఏమీ అనుకోలేదు. ఒకటేనా అక్కా?"

"అది ఏడవలేదే. అదే నా మంట. ఏడిస్తే దగ్గరికి తీసుకునేదాన్ని, అక్కడితో అయిపోయేది. కళ్ళు మూసుకుంది. చేతులు ముందు పెట్టుకుని ఊపిరి తీసుకుంటోంది. నా ఎదురుగా నిలబడి, నేను తిడుతుంటే, నేనక్కడ లేనట్టు. కళ్ళు తెరవవే అన్నాను. తెరవలేదు. ఇంకోటి వేశాను. తెరవలేదు. ఆ తర్వాత లెక్కపెట్టలేదు. నీ మీద ఉన్న కోపం కూడా దాని వీపు మీదే పడింది. చాలా?"

"చప్పుడు విన్నాను."

"ఏమన్నావు?"

"నేను గోడకి ఇవతలే ఉన్నాను కదా, మెషీన్ పక్కన. కళ్ళు మూసుకుని, అందరూ క్షేమంగా ఉండాలి, అందరూ చల్లగా ఉండాలి అని వరసగా మనవాళ్ళందర్నీ తల్చుకుంటున్నాను. చప్పుడు వినబడింది. శబ్దం వస్తుంది, పోతుంది, వెంట వెళ్ళకండి అని నేర్పారు మాకు. వెళ్ళలేదు. ఎవరో దుప్పట్లు దులుపుతున్నారనుకున్నాను. అలా అనుకుంటే బాగుంటుందని అనుకున్నాను."

"ఆ లోకక్షేమంలో నా కూతురు లేదా?"

"ఉంది. దాన్నే తల్చుకుంటున్నాను అప్పుడు."

"ఏడవకు. నువ్వు ఏడిస్తే నాకు చేతులూ కాళ్ళూ ఆడవు. ఇందాకటి నుంచీ తిడుతున్నానన్న మాటే గానీ, నీ మొహం చూసుకునే నడుస్తున్నాను."

"మామయ్యగారు కూర్చుందనగానే నేను మురిసిపోయాను కూడా. నేను పక్కన లేకుండా ఒక్కతే కూర్చోగలిగిందని. వెళ్ళి చూడలేదు."

"నేను మాత్రం చూశానా? పెరటి తలుపు చప్పుడైంది, నీ దగ్గరికే పోయిందనుకున్నాను. ఆయన కూర్చుందనగానే పోనీలే అనుకున్నాను. వరండా ఎంత దూరం? వెళ్ళడానికి మొహం చెల్లలేదు. చెల్లీ, దొరుకుతుందా?"

"నాకు తెలీదక్కా."

"దొరుకుతుందని అనచ్చు కదా. అబద్ధమైనా."

"దొరుకుతుంది."

"అబద్ధమే కదూ?"

"నాకు నిజంగా తెలీదు."

"ఒట్టు, మళ్ళీ దాని ఒంటి మీద చెయ్యి వెయ్యను. ఎవరికి చెప్పుకోవాలో తెలీక నీకు చెప్తున్నాను. ఇక్కడ, ఛాతీ దగ్గర ఎవరో నొక్కుతున్నట్టుంది. గాలి చాలట్లేదు."

"కూర్చో. ఈ రాయి మీద. నిమిషం."

"కూర్చుంటే ఎలా, పిల్ల..."

"పడిపోతే వెతికేదెవరు? నోరు మూసుకుని ముక్కుతో తీసుకో. తొందర లేదు. వదిలెయ్యి. మళ్ళీ తీసుకో. పిలవకు, కాసేపు ఏమీ మాట్లాడకు."

"..."

"..."

"విన్నావా?"

"విన్నాను."

"దగ్గు. చిన్నపిల్ల దగ్గు. దాని దగ్గే అది, నాకు తెలుసు."

"మన వెనక నుంచి. అదిగో, ఆ బోర్లించిన పాత పడవ కింద."

"ఇందాక దాని పక్క నుంచే వెళ్ళాం కదే, అరుచుకుంటూ."

"పరిగెత్తకక్కా. గట్టిగా పిలవకు కూడా. ధ్యానంలో ఉంటే ఉలిక్కిపడుతుంది."

"పిలవను. నువ్విక్కడే ఉండు, నేను వెళ్తాను. తల్లిని నేను."

"సరే. మెల్లగా వంగి చూడు."

"వంగాను."

"ఉందా?"

"..."

"అక్కా, ఉందా? మాట్లాడు, నా ప్రాణం పోయేలా ఉంది."

"ఉంది."

"అమ్మయ్య. దెబ్బలేం తగల్లేదుగా?"

"లేదు. ఒళ్ళంతా బురద. కాళ్ళకి చెప్పుల్లేవు. బాగానే ఉంది."

"నేను చెప్పలేదూ, కూర్చుని ఉంటుందని. మన అరుపులన్నిట్లోనూ కదలకుండా, ఒక్కతే..."

"కూర్చోలేదు చెల్లీ."

"మరి?"

"నక్కింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తోంది."

"చెయ్యి అందించు. రమ్మను."

"అందించాను. ఇంకా లోపలికి జరిగింది."

"నవ్వుతూ పిలువు."

"నవ్వుతూనే ఉన్నాను. అందరం పిలిచింది విందే ఇది. నేను పిలిచింది ప్రతిసారీ వింది. నువ్వు రా. నువ్వొచ్చి తియ్యి దాన్ని."

"వస్తున్నాను. అదేంటక్కా, నువ్వెందుకు వెనక్కి వచ్చేస్తున్నావు?"

"నేను దగ్గరికి జరిగితే ఊపిరి బిగబట్టింది. ఒక అడుగు వెనక్కి వేశాను. అప్పుడు వదిలింది."