వలల దుకాణానికి గులాబీ అక్షరాలు

హలో… ఆఁ, నేనే, లచ్చన్ననే. అల్ హైల్ వర్క్‌షాపుల ఫోనెత్తేటంత తీరిక ఇంకెవనికున్నది?

ఎవరు… ముర్తుజానా. ఖబూరా నుంచేనా? కిరాణల నుంచి చేస్తున్నవా… మీ దుకాణం ఎదురుంగ ఉన్నదే, గదేనా.

బోర్డు చెడిందా. — ఏడ్వకు. సరైనోనికే చేసినవు. ఈ అరబ్బు దేశంల నేను బోర్డులు రాయవట్టి ఇరవై ఏండ్లాయె. ఒక్కటంటే ఒక్కటి చెడలే. ఒంటెలు గూడ నా బోర్డు ముంగట ఆగి చదివి పోయేటివి… నవ్వు, నవ్వు.

ఇగ చెప్పు. ఎవరి బోర్డు?

…మీ యజమాని, అర్బాబు, వాళ్ల పెద్దన్నదా? చేపలు పట్టే వలల దుకాణం. శుక్రారం జుమ్మా నమాజు కాంగనే తెరుస్తడా… అంటే ఎల్లుండి.

ఎర్ర బోర్డు మీద తెల్ల అక్షరాలు. ఊఁ… గులాబీ రంగు తేలినయా.

మళ్లొకపారి తెలుపు వేసినవు. — ఇంకింత గులాబీ అయినయి. మళ్లా వేసినవు… మూడుసార్లా. నీ ఓపికకు దండం ముర్తుజా. వలల దుకాణాన్ని పెండ్లిపిల్ల చెంప లెక్క చేసినవు.

ఆగు. తెలుపుల ఏం కలిపినవు?… థిన్నరా. ఏ థిన్నరు?

— పక్కన కార్లకు రంగేసే గరాజుల అడిగి తెచ్చినవు. తొందరగ ఆరుతదని.

నీ తెలివి సల్లగుండ. కార్ల థిన్నరు కింది ఎరుపును కరగదీసి మీదికి గుంజుతది. నువ్వు తెలుపు వెయ్యలే, తెలుపుతోని ఎరుపును కడిగినవు. తార్పిన్ నూనె కలపాలె అని చెప్పలేదా నీకు?… చెప్పిన. నాలుగు రోజులు నా రూముల ఉండి పని నేర్చుకున్నవు, అండ్ల మూడు రోజులు నిద్రపోతివి.

మీ అర్బాబు ఏమంటడు?… ఈ బోర్డు గూడ చెడితె వీసా కొట్టేసి ఇంటికి తోలుతనన్నడా.

— నా మాట ఎత్తలేదు గదా?… ఎత్తిండా. పనోడని లచ్చన్న చెప్తేనే పెట్టుకున్న, లచ్చన్ననే అడుగుత అన్నడా. మంచిగయింది. మునిగేటోడివి నీ అంతల నువ్వు మునగక, నా గల్ల పట్టుకున్నవు.

సరే, రాసుకో. కాగితం లేకపోతె సిగరెట్ పెట్టె మీద రాయి.

బోర్డును ఎండల నుంచి నీడకు తియ్యి. రాత్రి బయట ఉంచకు, సముద్రం గాలికి మంచు పట్టి మెరుపు పోతది. రేపు పొద్దుగాల దాక ముట్టకు. ఆరినంక గరుకు కాగితం నీళ్లల్ల తడిపి, అక్షరాల మీద మెల్లగ రుద్దు. తుడిచి, గులాబీ అంత కప్పేటట్టు సిల్వర్ వెయ్యి…

ఆఁ, సిల్వరే. నీళ్ల ట్యాంకులకు, గేట్లకు వేస్తరు చూడు, గదే. ఎరుపు దాన్ని దాటి మీదికి రాదు. పొద్దుమూకేసరికి ఆరుతది. దాని మీద తెలుపు, తార్పిన్‌తోని, పల్చగ.

…టైం లేదా? ఎందుకు లేదు?

— ఇయ్యాల పొద్దువాలే అసర్ నమాజు కాంగనే అర్బాబు అన్న, ఆ ముసలాయన, చూసిపోతనన్నడా. గులాబీ చూస్తె ఇయ్యాలనే నీ పని ఖతమా.

గంతేనా. ఖురియాత్‌ల గణపతి అని ఒక పెయింటరుండె. నీ లెక్కనే వాడు గూడ ఎరుపు మీద తెలుపు వేసిండు. చేపల దుకాణం. తెల్లారేవరకు గులాబీ. దుకాణపాయన వచ్చి బోర్డు ముంగట నిలబడ్డడు. గణపతి దడుస్తడా? ఇప్పుడు బొంబాయిల పెద్ద దుకాణాలన్నిటికి గులాబీ అక్షరాలే అన్నడు. ఆ మాటకు ఆయన అరబ్బులు దోస్తులకు చేసినట్టు వాని ముక్కుకు ముక్కు ఆనిచ్చి, పక్కన కూసోవెట్టుకొని హల్వా తినిపిచ్చి, కహ్వా కాఫీ తాగిచ్చిండు. ఇగ ఆ గులాబీ చూసి సముద్రంల రొయ్యలు గూడ సిగ్గుపడి రంగు మార్చినయి —

…ఏంది? గణపతి ఎవరా?

నువ్వే గదా మొదట్ల ఖురియాత్‌ల ఉన్నది అంటవా. ఎవరు చెప్పిండ్రు?… మా రూముల ఉండే గంగన్ననా. వాని నోరు ఆగదు.

సరే, నేనే అనుకో. ఇరవై ఏండ్లల్ల ఒక్కటి చెడలే అన్నది, ఆ మొదటిదాన్ని వదిలేసి. రెండోదాన్ని గూడ వదిలెయ్యి. మూడోది గాలికి పడ్డది, అది మేకుల తప్పు… ఇగ చాలు నవ్వింది.

ఆఁ? ఏం చెప్తవు?

ముసలాయనకా… బొంబాయి ఫ్యాషనని?

వద్దు. వద్దు బిడ్డా, విను. — వచ్చిండా? బండి దిగుతున్నడా… ఫోన్ పెట్టకు, ఒక్క నిమిషం.

ఉన్నదున్నట్టు చెప్పు. తప్పు థిన్నరు కలిపిన, సిల్వర్ వేసి మీరు తెరిచే యాళ్లకు తెల్లగ చేసిస్త అను. దిద్దుడు తెలిసినోన్ని ఎవ్వడు తోలడు. నమ్మకపోతె నాకు ఫోన్ చెయ్యమను. రేపు పొద్దుటి బండికి నేనే వస్త, సిల్వర్ డబ్బ పట్టుకొని.

…ఖురియాత్‌ల నడిచింది గదా అంటవా.

ముక్కుకు ముక్కు ఆనిచ్చిండన్నది నేను కల్పించిన, ముర్తుజా. హల్వా గూడ కల్పించిన. బొంబాయి అని నేను అన్నది నిజమే. అన్నంక ఆయన నన్ను నిచ్చెన ఎక్కిచ్చి, బజారంత చూస్తుంటె, ఆ అక్షరాలన్ని బ్లేడుతోని గీకిచ్చిండు. రెండు దినాలు గీకిన. మూడో దినం నుంచి ఏడాది దాక సైట్ మీద సిమెంట్ మోసిన.

…రొయ్యలా?

రొయ్యలు నిజమే. పో, ముందు ఆయనకు సలాం చెయ్యి —