అట్ట మీద నాలుగు పురుగులు

అధ్యక్ష కుర్చీలో కూర్చుని గంట నుంచీ ఆవలింత ఆపుకుంటున్న తిరుపతిరావు గారికీ, నందిగామ ఆఫీసర్లకీ, జగ్గయ్యపేట పురుగుమందుల కొట్టు వీరరాఘవయ్య గారికీ, మా పెనుగంచిప్రోలు మిరప రైతులకీ, ఇవాళ రిటైరవుతున్న మా ఉద్యాన అధికారి బాలామణి మేడం గారికీ నమస్కారాలండి. నా పేరు నెహెమ్యా. అయిదో తరగతి రెండుసార్లు చదివా, కూడితే పదో తరగతి. (నవ్వులు) రెండు నిమిషాల్లో ముగించమన్నారు. మా ఆరోగ్యమ్మ ముందు వరసలోనే ఉంది, యాభయ్యేళ్ళుగా ఆవిడ ముందు నాకు రెండు నిమిషాలు దొరకలా, అందుకని ఇవాళ కాస్త ఎక్కువే మాట్లాడతా. (నవ్వులు)

మూడేళ్ళ కిందట మా మిరప పూతలో నల్ల తామరపురుగు దూరింది. పువ్వు దులిపితే అరచేతిలో మిరియప్పొడి పడ్డట్టు ఉండేది. ఇవాళ నేను మందు కొడితే అది మా బామ్మర్ది స్తెఫను చేలోకి పోయేది, రేపు వాడు కొడితే తిరిగి నా చేలోకి వచ్చేది, అంటే పురుక్కి మేమిద్దరం ఆటో సర్వీసు నడిపామన్నమాట. అప్పుడు ఈ మేడం గారొచ్చి ముప్ఫై ఎనిమిది మందిని కూర్చోబెట్టి, కొడితే అందరూ ఒకే రోజు కొట్టాలి, లేకపోతే ఎవరూ కొట్టకూడదు అన్నారు. ప్రతి చేలో నీలం రంగు జిగురట్ట కట్టి, ప్రతి సోమవారం దాని మీద పురుగులు లెక్కపెట్టి, చెప్పిన లెక్క దాటితే మేడం మందుకి చీటీ రాసేవారు. చీటీ లేందే మందు ఇవ్వనని వీరరాఘవయ్య గారు, సొంత వ్యాపారం తగ్గుద్దని తెలిసి కూడా మాటిచ్చారు. గాలివాటుకి పురుగు ముందు నా చేలోకే వస్తుంది కాబట్టి నా అట్ట లెక్కే అందరికీ లెక్క. నోరు పెద్దదని లీడర్ని కూడా నన్నే చేశారు.

నోటికి అధికారం వస్తే ఊరుకుంటుందా అండీ? రత్నబాబు అట్ట మీద ఇరవై కనపడితే, "ఏరా, పురుగులకి పెళ్ళిభోజనాలు పెట్టావా?" అన్నా. స్తెఫను అట్ట మీద ముప్ఫై కనపడితే, "నీ పురుగులకి రేషన్ కార్డు ఇప్పించాలిరా" అన్నా. జనం పడీపడీ నవ్వారు. స్తెఫను తలొంచుకున్నాడు.

ఆ ఏడు నవంబరులో ఒక సోమవారం పొద్దున్నే చేలోకి పోతే, నా అట్ట మీద నీలమే కనపడలా, అంతా నలుపు. నాకు పూత గుర్తుకు రాలేదండి, పురుగు గుర్తుకు రాలేదు, ఇవాళ నన్ను చూసి ఎవరెవరు నవ్వుతారో వాళ్ళ మొహాలు గుర్తుకొచ్చాయి. అట్ట పీకి మున్నేరు ఏట్లో పారేసి కొత్తది కట్టా. మేడం వచ్చేసరికి దాని మీద నాలుగు పురుగులు పడ్డాయి. ఆమె అట్ట చూసి, నన్ను చూసి, "తాతగారూ, అట్ట కొత్తగా ఉందేంటి?" అన్నారు.

"దాని ఓనరు లాగే మేడం, వయసు పైకి కనపడదు" అన్నా.

(నవ్వులు)

ఇదిగో, ఆ రోజు కూడా ఇట్టాగే నవ్వారు. మేడం కూడా నవ్వారు. నవ్వుతూనే పుస్తకంలో నాలుగు అని రాసుకున్నారు.



బుధవారం స్తెఫను జగ్గయ్యపేట వెళ్ళి మందడిగితే, "చీటీ ఏదయ్యా?" అని వీరరాఘవయ్య గారు వెనక్కి పంపారు. కొట్టు ముందు నుంచే వాడు నాకు ఫోన్ చేశాడు. "బావా, పూత రాలిపోతోంది. నీ చేలో ఎట్టా ఉంది?" అన్నాడు. "నా చేను బ్రహ్మాండంగా ఉందిరా, నీ చేతిలోనే ఏదో దోషం ఉంది" అన్నా. వాడు నమ్మాడు.

పై సోమవారానికి చెట్ల మీద పూత లేదు. స్తెఫను రెండెకరాల కౌలు చేను పీకేశాడు, ఇప్పుడు పేటలో ఫ్యాక్టరీలో బస్తాలు మోస్తున్నాడు. చీటీ సమయానికి రాయలేదని ఊరంతా కలిసి మేడం మీద అర్జీ పెట్టారు. అందులో మొదటి సంతకం లీడరుది. అంటే నాది. ఆమెకి మెమో వచ్చింది, రావాల్సిన ప్రమోషన్ ఆగింది, పాత కుర్చీలోనే ఇవాళ రిటైరవుతున్నారు. ఆ కొత్త అట్ట సంగతి మళ్ళీ ఎప్పుడూ నన్ను ఒక్క మాట అడగలేదు.

చెయ్యూపి ఆపమంటున్నారు మేడం. ఆపనండి, మూడేళ్ళు ఆపా.

కొట్టాయన మాట నిలబెట్టుకున్నాడు. మా బామ్మర్ది నిలబెట్టుకున్నాడు. ముప్ఫై ఏడు మంది పూత రాలుతున్నా చీటీ కోసం చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్ళందరూ అంత నమ్మకంగా ఉండబట్టే నా ఒక్కడి అబద్ధం అన్ని చేలు తిరిగింది. ఎవడి దారిన వాడు పోయి ఉంటే, నా చేను ఒక్కటే పోయేది.

జరిగింది జరిగినట్టు మా మనవరాలు జాయిస్ చేత కాయితం మీద రాయించి సంతకం పెట్టా. తిరుపతిరావు గారూ, ఇది పై ఆఫీసుకి పంపండి. పోయిన ప్రమోషన్ రాదని తెలుసు, ఆమె ఫైల్లో ఆ తప్పు మాత్రం ఆమె పేరు మీద ఉండకూడదు. మేడం, నన్ను క్షమించమని అడగట్లేదు, అది మీ ఇష్టం. వచ్చే సోమవారం నుంచి లెక్క రత్నబాబు చూస్తాడు. ఆరోగ్యం, నీకూ ఇప్పుడే తెలిసింది, అట్టా చూడమాక, నీ తమ్ముడి సంగతి ఇంటికెళ్ళాక నువ్వేమన్నా పడతా.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ దణ్ణాలు. స్తెఫనూ, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్నావేంట్రా? ఆగు, పోమాక. ఈ స్టేజీ మెట్లు దిగడానికే నాకు ఆలస్యం. సెలవండి, వాడు వెళ్ళిపోతున్నాడు.