ఎర్ర లైటు ఆరితే

ఫిషింగ్ హార్బర్‌లో అన్న బోటుకు బేటరీని చార్జు చేసే ఆల్టర్నేటర్ వేరేది బిగించి, వైర్లు కలిపి, ఇంజను స్టార్టు చేశాడు మెకానిక్కు. గట్టుమీద నుంచి వదిన కనిపెట్టి చూస్తోంది.

"ఆ మీటర్ల కాడ ఎర్ర లైటు ఆరిపోయిందేటి మరిదీ?"

"ఆరితేనే బేటరీ చార్జవుతన్నట్టు వదినా."

"పోయినసారీ ఇలాగే సెప్పినావు. నువ్వు కలిపిన వైరూడిపోయి, బేటరీ దిగిపోయి, మీ అన్న నడిసంద్రంలో సీకట్లో కొట్టుకుపోనాడు."

"ఈసారి అన్నీ గట్టిగా బిగించీసినాను. డోకా లేదు."

"అయితే రేపు మీ అన్నతోపాటు నువ్వూ ఏటకెల్లు."

"నానా? నాకు సంద్రం పడదు వదినా. వాంతులైపోతాయి."

"అవునవును, మీ అన్నకైతే సావు కూడా పడతాది."

అతను ఇంజను ఆపి, స్పానరు అందుకున్నాడు. గట్టిగా బిగించానన్న వైరు నట్టు మరో చుట్టు తిరిగింది.

"ఇంకా తిరగతందేటి మరిదీ?"