పదకొండు ఒకట్ల సత్తిరాజుగారు

సభకు వచ్చిన పెద్దలకు, సత్తిరాజుగారి భార్య సూర్యకళగారికి నమస్కారం. ఈ నాలుగు ముక్కలు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండు కాగితాలు చింపేశాను కూడా. సత్తిరాజుగారు పోయి పన్నెండు రోజులైంది. ఇంకా నాకు ఆయన మీద విసుగు తగ్గలేదు.

ముందు మాట్లాడినవాళ్లంతా ఆయన సౌమ్యుడన్నారు. ఎవరండీ సౌమ్యుడు? ధవళేశ్వరం లాకుల దగ్గర ముప్పై ఏళ్లు పడవలు దాటించిన మనిషి, రిటైరైన మర్నాడే నా టైలరింగ్ షాపుకొచ్చి, నా సుద్దముక్కతోనే నా కత్తిరింపు బల్ల మీద పదకొండు ఒకట్లు వరసగా రాశారు. ఆ బల్ల మా మావగారిచ్చిన టేకుది, దాని కథ వేరే ఉంది, వదిలేద్దాం. ఈ సంఖ్యని ఒకటీ, అదీ కాక ఇంకేదైనా సంఖ్య శేషం లేకుండా భాగిస్తుందా, తేలుద్దామన్నారు. ఎనిమిదో తరగతి తప్పి కత్తెర పట్టినవాణ్ణి, నాతోనా?

తేల్చడమంటే ఏంటి? దాని వర్గమూలం దాకా, అంటే లక్షా ఐదు వేల దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు, పది వేల పైచిలుకు, ఒక్కొక్కదానితో భాగించి చూడాలి. సగం ఆయనవి, సగం నావి. తొమ్మిదేళ్లు. కాలిక్యులేటరు తెస్తే కసిరారు. "మిషను చేస్తే మిషనుకి తెలుస్తుందండి, మనకేం తెలుస్తుంది?" అనేవారు. పిఠాపురం బస్సులో కూడా నాచేత భాగహారం చేయించారు. పక్క సీటావిడ మమ్మల్ని జాతకాలవాళ్లనుకుని చెయ్యి చాపింది. ఈయన ఆ చేతిలో పెన్సిలు పెట్టి, "కాస్త చెక్కిపెట్టండమ్మా" అన్నారు.

నా పేజీలన్నీ ఆయనే సరిచూసేవారు. ఎలా? అంకెలు కూడి, తొమ్మిదులు తీసేసి, రెండువైపులా పొంతన కుదిరిందా అని. కుదిరితే టిక్కు. మూడేళ్ల క్రితం చివరి టిక్కు పడింది. దేనికీ లొంగలేదన్నారు. కోరుకొండ మెట్లెక్కి దణ్ణం పెట్టుకొచ్చి పూతరేకులు పంచారు. తిన్నవాళ్లు ఈ సభలోనే సగం మంది ఉన్నారు.

మొన్న పలకరింపుకు కాకినాడ నుంచి వచ్చిన లెక్చరర్ శ్రీసుధగారు ఆ సంఖ్యని ఫోనులో నొక్కి చూశారు. రెప్పపాటు. "ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై తొమ్మిదితో పోతుందండీ" అన్నారు, చాలా మెల్లగా.

అది నా వాటాలోది. పేజీ వెతికాను. భాగహారం మధ్యలో 8443 వెయ్యాల్సిన చోట 8434 వేశాను. అంకెలు చోటు మారితే కూడిక మారుతుందా? తొమ్మిదుల లెక్కకి దొరుకుతుందా? దొరకలేదు. ఆయన టిక్కు పెట్టేశారు. పది వేల భాగహారాల్లో ఆ ఒక్కటే, నా చేతిలోనే తప్పాలా? మూడేళ్లు ఆ మనిషి నా తప్పుని నిజమనుకుని బతికి వెళ్లిపోయారు. ఇప్పుడు ఎవరి దగ్గరికెళ్లి దిద్దుకోవాలండీ?

అధ్యక్షులు గణేష్‌బాబుగారూ, మీ సంతాప తీర్మానంలో 'విడదీయరాని సంఖ్య అని నిరూపించిన' అన్న మాటలున్నాయి. కొట్టేయండి. తప్పు ఫలానావాడిదని నా పేరు రాసి మరీ కొట్టేయండి. అబద్ధం పొగడ్త ఆయనకి వద్దు.

నిన్న సూర్యకళగారికి చెప్పాను. ఆవిడ చాలాసేపు పేజీ చూసి, "మూడేళ్లు హాయిగా నిద్రపోయారండి, అదీ మీ చలవే" అన్నారు. ఓదార్పో దెప్పో నాకింకా తేలలేదు. తర్వాత లెక్క చివర నా శేషం కొట్టేసి సున్నా వేశారు. పక్కన నిన్నటి తేదీ వేశారు.

ఇక అందరం లేచి, ఒక్క నిమిషం మాట్లాడకుండా నిలబడదాం.