మూలుగలో అందని కబురు

కొడుకు తన బట్టలు బ్యాగులో కుక్కుకుంటుంటే తల్లి గుమ్మంలో నిలబడింది.

“ఛీ! పసివాడికి జబ్బని తెలిసి వారం కాలేదు, పారిపోతున్నావా?”

“లోపం వాళ్ళమ్మ నుంచే వచ్చిందని డాక్టరే చెప్పాడుగా. కుళ్ళు రక్తం!”

“ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితం నేనూ చదివానురా. రోగాల్ని ఎదిరించే కణాలు మూలుగలో ఎదగాలంటే, వాటి మీదున్న రిసెప్టర్, అంటే కబురు అందుకునే భాగం, లోపలికి కబురు పంపాలి. మనవాడిలో ఆ కబురు అందక అవి అక్కడే చస్తున్నాయి. ఇందులో కోడలి తప్పేముంది?”

“నెలనెలా ఆసుపత్రి, జన్మంతా సూదులు. నావల్ల కాదమ్మా.”

“సూదులు పొడిచేది నిన్నా? మూడేళ్ళ పసివాణ్ణిరా! నిన్ను కన్నందుకు నామీద నాకే రోత పుడుతోంది.”

“ఆదివారం వస్తాలే.”

“సోమవారం మొదటి సూది. నాన్న ఒళ్ళోనే కూర్చుంటానంటున్నాడు వాడు.”

“వస్తానన్నాగా!”

మార్చి పదకొండున వెళ్ళిన ఆ కొడుకు మళ్ళీ రాలేదు.